బొమ్మలో రొమ్ము, వైద్యుడి కన్ను: పాత కళాఖండాల్లో క్యాన్సర్ ఆనవాళ్లను ఎంతవరకు నమ్మొచ్చు?

సంక్షిప్తంగా: రెంబ్రాంట్, రాఫెల్, మైకెలాంజెలో, రూబెన్స్ వంటివారి స్త్రీమూర్తుల్లో రొమ్ము క్యాన్సర్ గుర్తులు ఉన్నాయని కొన్ని దశాబ్దాలుగా వైద్య పత్రికల్లో వ్యాసాలు వస్తున్నాయి. వీటిలో కొన్ని వాదనలు గట్టివి, కొన్ని చాలా పలచనివి. చర్మం లోపలికి లాక్కుపోవడం, చనుమొన వంకర తిరగడం, పుండు పడటం వంటి ఆకార మార్పులకు విలువ ఎక్కువ. రంగు, నీడ, రెండు రొమ్ముల సైజులో తేడా మీద కట్టిన వాదనలు నిలబడటం కష్టం. ఈ తేడా తెలిస్తే అద్దం ముందు ఏం చూసుకోవాలో కూడా తెలుస్తుంది.

ఒకే చిత్రం, మూడు తీర్పులు

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో, బైబిల్ కథలోని బత్‌షెబాను రెంబ్రాంట్ 1654లో వేసిన చిత్రం ఉంది. అటూ ఇటూ దాదాపు 142 సెంటీమీటర్లు ఉండే చదరపు కాన్వాసు. స్నానం ముగించిన బత్‌షెబా దావీదు రాజు పంపిన ఉత్తరం చేతిలో పట్టుకుని తల వంచుకుని కూర్చుని ఉంటుంది. ఆమె ఎడమ రొమ్ము మీద, చంకకు దగ్గరగా, నీలిఛాయలో ఒక మచ్చ కనిపిస్తుంది. అక్కడే ఆకారం కాస్త నొక్కుకుపోయినట్టు ఉంటుంది.

1983లో బ్రెయిత్‌వెయిట్, షగ్ అనే ఆస్ట్రేలియా వైద్యులు ఇంగ్లండ్‌ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పత్రికలో ఈ మచ్చ మీద వ్యాసం రాశారు. ముదిరిన క్యాన్సర్ కావచ్చన్నది వారి అభిప్రాయం. 2000లో బోర్న్ అనే మరో వైద్యుడు దాన్ని కాదన్నారు. పాలిచ్చే దశలో వచ్చి మానకుండా ఉండిపోయిన వాపు కావచ్చు, లేదా రొమ్ముకు సోకిన క్షయ కావచ్చు అన్నారు. 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు కాంతి చర్మంలోకి ఎలా వెళ్లి ఎలా తిరిగి వస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి, లోపల క్యాన్సర్ ఉంటే పైన ఇలాంటి నీలిమచ్చ కనిపించే అవకాశం చాలా తక్కువని తేల్చారు.

చిత్రం అదే. ముప్ఫై ఏళ్ల వ్యవధిలో తీర్పులు మూడు. ఈలోగా జాబితా పెరుగుతూ వచ్చింది. 2000లో మైకెలాంజెలో విగ్రహం, 2001లో రూబెన్స్ చిత్రాలు, 2002లో రాఫెల్ చిత్రం, 2018లో ఫ్లోరెన్స్ చిత్రకారుల మరో రెండు చిత్రాలు, 2024లో వాటికన్‌లోని సిస్టీన్ ఛాపెల్ పైకప్పు మీది జలప్రళయ దృశ్యం. ప్రతిసారీ ‘శతాబ్దాల నాటి చిత్రంలో క్యాన్సర్’ అనే శీర్షికతో వార్త రావడం, పాఠకులు అన్నింటినీ ఒకే గాటన కట్టడం మామూలైపోయింది. వీటిని విడివిడిగా తూకం వేయాలి. అందుకు ముందు ఆ గుర్తులు శరీరంలో ఎలా పుడతాయో చూడాలి.

లోపలి గడ్డ పైకి ఎలా కనిపిస్తుంది

రొమ్ములో ఉండేది పాలగ్రంథులు, వాటి నుంచి చనుమొనకు వచ్చే నాళాలు, చుట్టూ కొవ్వు. వీటన్నిటినీ ఛాతీ కండరం మీది పొరకూ పైచర్మానికీ కలిపి పట్టి ఉంచే సన్నటి పీచు తంతులు ఉంటాయి. ఇంగ్లండ్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ 1840లో వీటిని వివరంగా వర్ణించారు కాబట్టి ఇప్పటికీ కూపర్ తంతులనే అంటారు. క్యాన్సర్ గడ్డ పెరుగుతూ చుట్టూ గట్టి పీచు కణజాలాన్ని పోగు చేస్తుంది. అది ముడుచుకునే కొద్దీ ఈ తంతులు పొట్టివవుతాయి, వాటికి అంటుకున్న చర్మం లోపలికి లాగబడుతుంది. అదే సొట్ట. గడ్డ చిన్నదైనా తంతుల మధ్య పడితే సొట్ట ముందే కనిపిస్తుంది. లోతుగా ఉంటే గడ్డ పెద్దదయ్యాక కూడా పైన ఏమీ తెలియకపోవచ్చు.

చనుమొన విషయం కూడా ఇలాంటిదే. నాళాల వెనక పుట్టిన గడ్డ వాటిని కుదించి మొనను లోపలికో పక్కకో లాగుతుంది. పుట్టుకతోనే లోపలికి ఉన్న చనుమొనలు చాలామందికి ఉంటాయి, అవి జబ్బు కాదు. నిన్నటిదాకా బయటికి ఉన్నది కొత్తగా, ఒకవైపే లోపలికి పోతే అనుమానించాలి. చిత్రంలో ‘నిన్నటిదాకా’ అనేది ఉండదు. చిత్రం చూసి జబ్బు చెప్పడంలో మొదటి చిక్కు ఇదే.

మూడో గుర్తు బత్తాయి తొక్కలాంటి చర్మం. చర్మం కింద లింఫ్ ద్రవం పారే సన్నటి కాలువలు క్యాన్సర్ కణాలతో పూడుకుపోతే ఆ ద్రవం నిలిచి చర్మం ఉబ్బుతుంది. వెంట్రుకల కుదుళ్లు మాత్రం లోపలికి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ చోట్ల చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. చివరి దశలో చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. దాని అంచులు ఎత్తుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి.

సైజులో తేడా వీటి సరసన నిలబడదు. రెండు రొమ్ములూ అచ్చంగా సమానంగా ఉండే స్త్రీలు తక్కువ. కూర్చున్న తీరు, ఎత్తిన చేయి, ఒరిగిన నడుము, నొక్కుకున్న వేళ్లు, వీటిలో ఏ ఒక్కటి మారినా ఆకారం మారుతుంది. చేయి పైకెత్తితే ఛాతీ కండరం బిగుసుకుని రొమ్ము చదునవుతుంది. దాగి ఉన్న సొట్ట బయటపడేది కూడా అప్పుడే.

బత్‌షెబా: రంగు సాక్ష్యం ఎందుకు నిలవదు

బత్‌షెబాకు మోడల్‌గా కూర్చున్నది రెంబ్రాంట్‌తో కలిసి జీవించిన హెండ్రికియే స్టాఫెల్స్ అని చాలామంది నమ్ముతారు. అది రాతపూర్వక ఆధారం ఉన్న విషయం కాదు. ఆమేనని ఒప్పుకున్నా క్యాన్సర్ వాదనకు మరో అడ్డంకి ఉంది. ఆమె చనిపోయింది 1663లో, అంటే చిత్రం వేసిన 9 ఏళ్లకు. ఆ సంవత్సరం ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్లేగు ఉంది.

చికిత్స లేని రొమ్ము క్యాన్సర్ ఎంతకాలం బతకనిస్తుందో చెప్పే అరుదైన లెక్క ఒకటుంది. లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో 1805 నుంచి 1933 మధ్య చికిత్స లేకుండానే గడిపిన 250 మంది రోగుల రికార్డులను విశ్లేషించి 1962లో ప్రచురించారు. లక్షణం మొదలైన నాటి నుంచి సగంమంది 2.7 ఏళ్లలోపే మరణించారు. 5 ఏళ్లు దాటి బతికినవారు 18 శాతం, 10 ఏళ్లు దాటినవారు 3.6 శాతం. చర్మం రంగు మారి, చంకలో గ్రంథులు ఉబ్బే దశకు వచ్చిన మనిషి ఆపై 9 ఏళ్లు బతకడం అసాధ్యం కాదు గానీ చాలా అరుదు.

దీనికంటే సూటి వివరణ కళ్లముందే ఉంది. హెండ్రికియేకు 1654 అక్టోబరులో కూతురు కోర్నీలియా పుట్టింది. అంటే చిత్రం వేసిన సంవత్సరమే ఆమె గర్భిణి. గర్భంలో రొమ్ములు బరువెక్కుతాయి, వాటికి రక్త ప్రసరణ పెరుగుతుంది, తెల్లటి చర్మం ఉన్నవారిలో సిరలు నీలంగా తేలి కనిపిస్తాయి. ఒక రొమ్ము మరోదానికంటే ముందే పెరగడమూ ఉంటుంది.

ఇక రంగుల సంగతి. 17వ శతాబ్దపు తైలవర్ణ చిత్రంలో ఇవాళ కనిపించే రంగు చిత్రకారుడు వేసిన నాటి రంగు కాదు. మీది వార్నిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. చర్మపు రంగుకు వాడే సీసపు తెలుపు నూనెతో కలిసి క్రమంగా పారదర్శకమవుతుంది, దాంతో అడుగున వేసిన ముదురు పొర పైకి తేలుతుంది. రెంబ్రాంట్ తరచూ వాడిన స్మాల్ట్ అనే గాజు పొడి నీలం కాలక్రమంలో బూడిద, గోధుమ ఛాయలకు తిరుగుతుంది. పైగా ఆయన వేసిన చోటే దిద్దుతూ పోయే చిత్రకారుడు. ఎక్స్‌రే తీస్తే బత్‌షెబా తల మొదట ఇంకాస్త పైకెత్తి ఉన్నట్టు బయటపడింది. అలా దిద్దిన కాన్వాసులో ఒక నీలి ఛాయ చర్మానిదా, నీడదా, కింది పొరదా అని కంటితో చూసి తేల్చలేం. అందుకే బత్‌షెబా విషయంలో క్యాన్సర్ అన్న నిర్ధారణను పక్కన పెట్టడమే సబబు.

‘రాత్రి’ విగ్రహం, దాని నకలు

ఫ్లోరెన్స్‌లోని సాన్ లోరెంజో చర్చి మెడిచి సమాధి మందిరంలో మైకెలాంజెలో చెక్కిన ‘రాత్రి’ విగ్రహం కథ వేరు. పాలరాయి రంగు మారినా ఆకారం మారదు. 2000లో స్టార్క్ అనే క్యాన్సర్ వైద్యుడు, నెల్సన్ అనే కళాచరిత్రకారుడు కలిసి అమెరికా వైద్య పత్రికలో రాసిన లేఖలో ఎడమ రొమ్ములో మూడు తేడాలు చూపించారు. చనుమొనకు లోపలివైపు పెద్ద ఉబ్బు, వాచిన చనుమొన, దానికి బయటివైపు లోపలికి లాక్కుపోయిన చర్మం. కుడి రొమ్ములో ఇవేవీ లేవు. పైన చెప్పిన యంత్రాంగంతో ఈ మూడూ కలిసి సరిపోతాయి. గడ్డ, దాని పక్కన సొట్ట, వాటి మధ్య చెదిరిన మొన.

దీనికి ఎదురుగా చెప్పే మాట ఒకటుంది. మైకెలాంజెలో స్త్రీమూర్తులకు కూడా మగ మోడళ్లనే వాడేవాడనీ, రొమ్ములను కండలు తిరిగిన ఛాతీకి అతికించినట్టు చెక్కేవాడనీ, ఆ వికృతి అందుకేననీ. అయితే ఈ వాదనతో రెండు రొమ్ములూ ఒకేలా తేడాగా ఉండాలి. ఒకదానిలోనే వరసగా మూడు గుర్తులు ఎందుకున్నాయో దీనితో చెప్పలేం. యౌవనంలోనే సాంతో స్పిరితో ఆస్పత్రిలో శవాలను కోసి చూసిన శిల్పి ఆయన. చూసినదాన్ని అలాగే చెక్కే నేర్పు ఉంది. రోగం పేరు ఆయనకు తెలిసి ఉండాల్సిన పని లేదు.

2018లో బయటికొచ్చిన రెండు చిత్రాల్లో ఒకటి మికేలే దీ రిదోల్ఫో దెల్ గిర్లాందాయో వేసిన ‘రాత్రి’. రోములోని కొలొన్నా చిత్రశాలలో ఉంది. దానిలోనూ చనుమొన లోపలికి లాక్కుపోయిందని పరిశోధకులు చూపించారు. కానీ అది మైకెలాంజెలో విగ్రహాన్ని చూసి వేసిన చిత్రం. మూలంలోని గుర్తు నకలులోకి వచ్చిందంటే రెండో స్త్రీకి కూడా క్యాన్సర్ ఉందని కాదు. వార్తల్లో ఈ రెండిటినీ రెండు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కవేశారు. నిజానికి అవి ఒకటే సాక్ష్యం.

సిస్టీన్ ఛాపెల్ పైకప్పు మీద 1508–1512 మధ్య మైకెలాంజెలో వేసిన జలప్రళయంలో ఒక స్త్రీ కుడి రొమ్ము మీద 2024లో ఇలాంటి వాదనే వచ్చింది. చనుమొన లాక్కుపోవడం అక్కడ ప్రధాన గుర్తు. అయితే అది ఎత్తైన కప్పు మీది కుడ్యచిత్రం. తడి సున్నం ఆరేలోపు ఆ రోజు భాగం వేసెయ్యాలి, తర్వాత పొగ, మసి పట్టాయి, 20వ శతాబ్దం చివర పెద్ద ఎత్తున శుభ్రం చేశారు. రాతిలో చెక్కిన సొట్టకు ఇచ్చే బరువు దీనికి ఇవ్వలేం.

చేయి అడ్డు పెట్టిన ఫోర్నరీనా, పుండు దాచని ‘ధైర్యం’

రాఫెల్ 1518–20 ప్రాంతంలో చెక్క పలక మీద వేసిన ‘ఫోర్నరీనా’ రోములోని బార్బెరీనీ భవనంలో ఉంది. కుడి చేతిని ఎడమ రొమ్ము మీద ఆనించుకుంటుంది. ఎడమ రొమ్ము వాచి, రంగు మారి ఉందనీ, ఎడమ చేయి ఉబ్బి ఉందనీ 2002లో ఒక వైద్యుడు రాశారు. ఇక్కడ ఎదురు వివరణ సులువు. రొమ్మును చేత్తో పట్టుకుంటే ఆకారం మారుతుంది, వేళ్ల పక్కన మడత పడుతుంది, కింద నీడ పడుతుంది. చేతులతో ఒంటిని కప్పుకున్నట్టు నిలబడే భంగిమ పురాతన వీనస్ విగ్రహాల నుంచి వచ్చిన ఆనవాయితీ. ఫోర్నరీనాది బలహీనమైన కేసుల్లో ఒకటి.

గ్రీకు పురాణాల్లోని ముగ్గురు దేవతలను రూబెన్స్ 1630–35 మధ్య వేసిన ‘ముగ్గురు గ్రేసులు’ మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. కుడివైపు స్త్రీ రొమ్ము మీద ఎరుపు, చిన్న పుండు, చనుమొన లాక్కుపోవడం, చంకలో ఉబ్బు ఉన్నాయని బార్సిలోనా క్యాన్సర్ వైద్యులు ప్రాడో కళాచరిత్రకారుడితో కలిసి 2001లో రాశారు. వైద్యుడి పక్కన చిత్రాన్ని ఎరిగినవాడు ఉండటం ఈ వ్యాసానికి బలం. కానీ రూబెన్స్ కొవ్వు పట్టిన చర్మపు గుంటలను, ఎర్రటి మెరుపులను ఒళ్లంతా వేస్తాడు. తొడల మీదా, నడుము మీదా ఉన్నదాన్నే రొమ్ము మీద చూసినప్పుడు రోగమనడం కష్టం.

అన్నిటికంటే గట్టి ఉదాహరణ పేరున్న చిత్రకారుడిది కాదు. మాజో ద సాన్ ఫ్రియానో 1560–62 ప్రాంతంలో వేసిన ‘ధైర్యం’ ఫ్లోరెన్స్ అకాడమీ చిత్రశాలలో ఉంది. రొమ్ము మీద తెరుచుకుని ఉన్న పుండు, చుట్టూ వాపు. చుట్టుపక్కల చర్మానికీ దానికీ స్పష్టమైన హద్దు. భంగిమ వల్లో, నీడ వల్లో, వార్నిష్ వల్లో పుండు రాదు, ఆదర్శ సౌందర్యం కోసం ఏ చిత్రకారుడూ దాన్ని కల్పించడు. పైగా ధైర్యం అనే గుణానికి రూపమిచ్చే చిత్రంలో బాధను భరించే దేహం అర్థవంతమే.

అమరావతి, రామప్ప: ఇక్కడ ఈ ప్రశ్నే పొసగదు

ఈ పద్ధతిని మన శిల్పాలకు అన్వయించాలని చూసినవారికి చేతికి ఏమీ చిక్కదు. పల్నాడు సున్నపురాయి మీద చెక్కిన అమరావతి స్తూప ఫలకాల్లోని స్త్రీలైనా, 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి నల్లరాతి మదనికలైనా రొమ్ములు గుండ్రంగా, ఎత్తుగా, రెండూ ఒకేలా ఉంటాయి. ఆ శిల్పి ఎదురుగా ఒక స్త్రీని కూర్చోబెట్టుకుని చెక్కలేదు. శిల్పశాస్త్రం చెప్పే తాలమానపు కొలతలు, భంగిమల నియమం, గురువు చేతి అలవాటు, వీటి నుంచి రూపం వచ్చింది. నిండు రొమ్ము అక్కడ సమృద్ధికి, శుభానికి గుర్తు. ఎవరి దేహాన్నీ నమోదు చేయని చోట రోగం నమోదు కాదు. తేడా కనిపిస్తే అది పగులో, అరుగుదలో, విరగ్గొట్టిన చోటో అవుతుంది.

రోగం గురించిన ఆలోచన శిల్పంలో లేదు, వైద్య గ్రంథాల్లో ఉంది. సుశ్రుత సంహితలో రోగకారణాలు చెప్పే నిదానస్థానంలో పదో అధ్యాయం స్తనరోగాల గురించి చెబుతుంది. కన్యల్లో రొమ్ములోని నాళాల ద్వారాలు మూసుకుని ఉంటాయి కాబట్టి దోషాలు చేరవు, స్తనరోగాలు రావు. గర్భిణుల్లో, ప్రసవించినవారిలో అవి సహజంగా తెరుచుకుంటాయి కాబట్టి అప్పుడు రోగాలు వస్తాయని దాని వివరణ. పాలగడ్డలు, చీముగడ్డల విషయంలో ఈ గమనిక సరైనదే, అవి ఎక్కువగా బాలింతలకే వస్తాయి. క్యాన్సర్ విషయంలో లెక్క తిరగబడుతుంది. ఇటలీ వైద్యుడు రమజ్జీని 18వ శతాబ్దం మొదట్లోనే సన్యాసినుల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువని రాశాడు. 2002లో వెలువడిన అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం ఒక్కో కాన్పుతో ముప్పు సుమారు 7 శాతం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు మరో 4.3 శాతం తగ్గుతుంది.

వైద్యులు తామే గీయించుకున్న బొమ్మలు

చిత్రకారుడు యాదృచ్ఛికంగా పట్టుకున్న గుర్తుకూ, వైద్యుడు రోగాన్ని చూపడానికే గీయించిన బొమ్మకూ చాలా దూరం ఉంది. క్రైస్తవ చిత్రాల్లో 3వ శతాబ్దపు సిసిలీ అమరురాలు అగాతా తెగిన తన రొమ్ములను పళ్లెంలో పట్టుకున్నట్టు చూపుతారు. రొమ్ము జబ్బులున్నవారు ఆమెను కొలుస్తారు. ఆ బొమ్మల్లో గాయం భక్తికి సంకేతం, అందులో వైద్యం లేదు.

జర్మనీలోని ఉల్మ్ సర్జన్ స్కుల్టెటస్ మరణానంతరం 1655లో అచ్చయిన శస్త్రచికిత్స గ్రంథంలోని చిత్రఫలకం అసలైన పని చూపిస్తుంది. పెద్ద సూదులతో రొమ్ము మొదట్లోంచి తాళ్లు అడ్డంగా, నిలువుగా దూరుస్తారు. ఆ తాళ్లను పట్టుకుని రొమ్మును ఛాతీకి దూరంగా పైకి లాగుతారు. ఒక్క కోతలో తీసేసి, కాల్చిన ఇనుముతో రక్తం ఆపుతారు. తాళ్లు ఎందుకంటే, మత్తు లేని రోగి కదిలిపోతుంది, కోత సెకన్లలో ముగియాలి. ఈ తొందర వల్ల గడ్డ అంచులు లోపలే మిగిలిపోయేవి, చంక గ్రంథులను వెతికే వ్యవధి ఉండేది కాదు. బతికి బయటపడినా గాయం కుళ్లేది, గడ్డ మళ్లీ లేచేది.

1811 సెప్టెంబరు 30న పారిస్‌లో నెపోలియన్ సైన్యపు సర్జన్ లారే చేతిలో ఇంగ్లిష్ నవలాకారిణి ఫానీ బర్నీ ఇలాంటి శస్త్రచికిత్స చేయించుకుంది. నొప్పి తగ్గించడానికి ఇచ్చింది మద్యం కలిపిన పానీయం మాత్రమే. ఆపై అక్కకు రాసిన లేఖలో ఆమె ఆ నిమిషాలను ఒక్కొక్కటిగా వర్ణించింది. 1840 దాకా బతికింది. అన్నేళ్లు బతికింది కాబట్టి అసలు అది క్యాన్సరేనా అన్న ప్రశ్న ఆమె విషయంలోనూ ఉంది. తీసిన గడ్డను సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతి అప్పటికి లేదు.

అప్పటికి 7 ఏళ్ల ముందే, 1804 అక్టోబరులో, జపాన్‌లో హనావోకా సెయ్‌షూ 60 ఏళ్ల స్త్రీకి పూర్తి మత్తు ఇచ్చి రొమ్ము గడ్డ తీశాడు. ఉమ్మెత్త, వత్సనాభి జాతి మొక్కలు ప్రధానంగా కలిపిన కషాయం తాగించి గంటల తరబడి నిద్రపుచ్చేవాడు. మోతాదు కుదర్చడానికే ఏళ్లు పట్టింది. ఆయన కేసులకు రంగు బొమ్మలు వేయించారు. గడ్డ ఉన్న చోటు, కోత గీత, తీసిన ముక్క, అన్నీ విడివిడిగా. 1830ల నుంచి చైనాలోని కాంటన్‌లో అమెరికా మిషనరీ వైద్యుడు పీటర్ పార్కర్ కోసం లాం క్వా అనే చిత్రకారుడు రోగుల తైలవర్ణ చిత్రాలు వేశాడు. వాటిలో రొమ్ము గడ్డలున్నవారూ ఉన్నారు, చాలావరకు ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఇవి రోగి ఎవరో, రోగం ఏదో తెలిసి వేసినవి. బత్‌షెబా దగ్గర కరవైనది అదే.

ఎంత కోయాలన్న ప్రశ్న

ఈజిప్టు నుంచి వచ్చిన, సుమారు క్రీ.పూ. 1600 నాటి ఎడ్విన్ స్మిత్ పత్రంలోని 45వ కేసు రొమ్ము మీది ఉబ్బుగడ్డల గురించి. తాకితే చల్లగా ఉంటాయి, జ్వరం ఉండదు, వైద్యం లేదు అని అందులో ఉంది. చీముగడ్డ వేడిగా ఉంటుంది, ఇది చల్లగా ఉంది అనే తేడాను చేత్తో పట్టుకున్నారంటే గొప్ప పరిశీలనే.

గ్రీకు వైద్యుడు గాలెన్ క్యాన్సర్‌ను శరీరమంతటా ఉండే నల్లపైత్యం పోగవడం వల్ల వచ్చేదన్నాడు. ఒళ్లంతా ఉన్నదాన్ని ఒకచోట కోసి లాభం లేదన్న నిరాశకు అది దారితీసింది. 18వ శతాబ్దంలో ఫ్రెంచ్ సర్జన్ లె ద్రాన్ దాన్ని తిప్పి చెప్పాడు. జబ్బు ఒకచోట పుట్టి, లింఫ్ దారిలో చంకకు పాకుతుంది. అదే నిజమైతే ఎంత ఎక్కువ కోస్తే అంత మేలు. ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లినవాడు అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్. రొమ్ము, ఛాతీ కండరాలు, చంక గ్రంథులు, అన్నీ ఒకే ముద్దగా తీసేవాడు. 1894లో 50 కేసుల లెక్క ప్రచురించాడు. కోసిన చోటే గడ్డ తిరిగి రావడం ఆయన రోగుల్లో 6 శాతమే. ఇతరుల దగ్గర అది సగానికి పైనే ఉండేది. దాంతో 70 ఏళ్లకు పైగా అదే పద్ధతి నడిచింది. ఛాతీ గుంటపడేది, చేయి జీవితాంతం వాచి ఉండేది.

తప్పు ఎక్కడంటే, కోసిన చోట తిరిగి రాకపోవడాన్ని బతకడంతో సమానమనుకున్నారు. ఇటలీలో వెరొనేసి 1973–80 మధ్య 2 సెంటీమీటర్లలోపు గడ్డలున్న 701 మంది మీద, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం 1976 నుంచి మరింత పెద్ద సంఖ్యలో జరిపిన పరీక్షల్లో రొమ్ము మొత్తం తీసినా, గడ్డ ఉన్న భాగం తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షులో తేడా రాలేదు. 20 ఏళ్ల తర్వాత, 2002లో, రెండు ఫలితాలూ మళ్లీ రుజువయ్యాయి. దూరంగా వ్యాపించేది కోతకు ముందే వ్యాపించి ఉంటుంది. దానికి మందులు కావాలి.

చూసే పనిముట్టు కూడా ఈలోగా మారింది. బెర్లిన్ సర్జన్ సలోమన్ 1913లో కోసి తీసిన 3,000 రొమ్ములను ఎక్స్‌రే తీసి, క్యాన్సర్‌లో సన్నటి సున్నపు చుక్కలు కనిపిస్తాయని గుర్తించాడు. ఉరుగ్వేలో లెబోర్న్య 1940ల చివర రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి తీయాలని చూపించాడు. పలచబడితే కిరణాలు తక్కువ చెదురుతాయి, ఒకదాని మీద ఒకటి పడిన పొరలు విడిపోతాయి. రొమ్ము ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌లో ఇవాళ్టికీ నొప్పి పెట్టే ఆ నొక్కుడుకు కారణం ఇదే.

కంటి పరీక్షకు ఇవాళ ఉన్న విలువ

యంత్రాలు వచ్చినంత మాత్రాన కన్ను, చేయి వ్యర్థం కాలేదు. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1,51,538 మంది స్త్రీల మీద 20 ఏళ్లు నడిపిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించిన వర్గంలో 50 ఏళ్లు దాటినవారి రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువారిలో గణనీయమైన తేడా రాలేదు. మన జాతీయ కార్యక్రమం 30–65 ఏళ్ల స్త్రీలకు 5 ఏళ్లకోసారి ఇలాంటి పరీక్ష చేయాలంటోంది.

ఇంట్లో అద్దం ముందు చూసుకునేటప్పుడు భంగిమలు మార్చాలి. చేతులు వేలాడేసి ఒకసారి, నడుము మీద పెట్టి గట్టిగా అదిమి ఒకసారి, రెండు చేతులూ తలమీదికి ఎత్తి ఒకసారి, ముందుకు వంగి ఒకసారి. అదిమినప్పుడు ఛాతీ కండరం బిగుస్తుంది, లోపల అంటుకున్న గడ్డ ఉంటే ఆ చోట చర్మం సొట్టపడుతుంది. వంగినప్పుడు రెండూ స్వేచ్ఛగా కిందికి వేలాడాలి, ఒకటి వెనక్కి పట్టుకున్నట్టుంటే లోపల ఏదో లాగుతోందన్నమాట. సైజు తేడా చిన్నప్పటి నుంచీ ఉన్నదైతే భయపడక్కర్లేదు. కొత్తగా వచ్చిన సొట్ట, కొత్తగా లోపలికి పోయిన చనుమొన, మొన మీద మానని పుండు, దానంతటదే కారే రక్తపు స్రావం, నొప్పి లేని గట్టి గడ్డ ఉంటే ఆలస్యం చేయకూడదు. నొప్పి లేదు కదా అని ఆగడం వల్లే చాలామంది ఆలస్యంగా వస్తున్నారు. తొలిదశ గడ్డల్లో ఎక్కువ వాటికి నొప్పి ఉండదు.

వైద్యుడి దగ్గర మూడు అంచెలు ఉంటాయి. చేతి పరీక్ష, తర్వాత వయసును బట్టి మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, ఆపై మందపాటి సూదితో ముక్క తీసి బయాప్సీ. మూడూ ఒకే మాట చెబితేనే నిర్ధారణ. ఒకటి మిగతావాటితో విభేదిస్తే మళ్లీ ముక్క తీస్తారు. బాలింతల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఎర్రగా వాచిన రొమ్మును పాలగడ్డే అనుకుని యాంటీబయాటిక్ ఇస్తారు, చాలాసార్లు అది సరైనదే. వాపుతో వచ్చే క్యాన్సర్ కూడా చూపుకి అచ్చం అలాగే ఉంటుంది. ఒకటి రెండు వారాల మందుతో ఎరుపు, వాపు తగ్గకపోతే మందు మార్చుకుంటూ పోకుండా అల్ట్రాసౌండ్ తీయించి, చర్మంతో సహా ముక్క తీసి పరీక్షకు పంపాలి.